ఫాయ్‌కా కషాయం

నైలు ఒడ్డున తల్ఖా ఊళ్లో ఫాయ్‌కాది మూలికల దుకాణం. తండ్రి పోయాక ముప్పై ఏళ్లుగా ఆమే నడుపుతోంది. కామెర్లొస్తే మా వీధిలో అందరం ముందు అక్కడికే పరిగెత్తేవాళ్లం. ముళ్లచెట్టు గింజలు, అతిమధురం, చికోరి వేరు, ఇంకో రెండు ఆకులు కలిపి ఆమె కాచే కషాయానికి అంత పేరు.

తమ్ముడు రిద్వాన్ కాలేయాన్ని మాత్రం ఆ కషాయం నిలబెట్టలేదు. ఎవరిదైనా ముక్క పెడితే తప్ప బతకడని డాక్టర్లు తేల్చేశారు. ఫాయ్‌కాది సరిపోయింది. ఆపరేషన్ ముందు రిద్వాన్ నవ్వించబోయాడు. "చిన్నప్పటినుంచీ నన్ను ముద్దుగా 'నా కాలేయపు ముక్క' అని పిలిచావు. నోరు జారితే ఇంతే అక్కా." ఆమెకు నవ్వు రాలేదు.

సగానికి పైగా కోసి ఇచ్చింది. పదో రోజుకి ఇద్దరి ముక్కలూ పెరుగుతున్నాయన్నారు. ఇంకా త్వరగా పెరగాలని ఆమె ఆశ. మరదలి చేత తన కషాయం కాయించి, ఫ్లాస్కులో తెప్పించి, రోజూ తమ్ముడికి తాగించింది.

పధ్నాలుగో రోజు రిద్వాన్ కళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో అంకెలు మూడింతలయ్యాయి. కొత్త ముక్కను ఒళ్లు తిరస్కరిస్తోందేమోనని డాక్టర్ ముఫీద్ అనుమానం. బయటిదేమైనా తిన్నావా అని అడిగాడు. అక్క పరువు పోతుందని రిద్వాన్ లేదనేశాడు.

ఫాయ్‌కా పక్కనే కుర్చీలో ఉంది. కుట్లు సలుపుతున్నాయి. చెబితే తండ్రి పేరు, తన దుకాణం బజారున పడతాయి. డాక్టర్ గుమ్మం దాటుతుండగా ఆమె వెనక్కి పిలిచింది.

"వాడు అబద్ధం చెప్పాడు డాక్టరుగారూ. నేనే పోశాను."

ఆయన తిట్టలేదు. కషాయంలో ఏమేం వేసిందో ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు.

"ఎలుకల లివర్ సగం కోసి, ఈ గింజల సారం పోస్తే త్వరగా పెరిగిందని నేనూ చదివానమ్మా. కానీ కొత్త ముక్కను ఒళ్లు తిరస్కరించకుండా మీ తమ్ముడు వేసుకునే మాత్ర ఆ ఎలుకలు వేసుకోలేదు."

రిద్వాన్ రక్తంలో ఆ మందు మోతాదు చూస్తే బాగా పడిపోయి ఉంది. కషాయం ఆపి, మందు మార్చి, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడు రోజులు ఫాయ్‌కా మంచి నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మరదలు మాట్లాడటం మానేసింది. నాలుగో రోజు అంకెలు కొంచెం దిగాయి, ఐదో రోజు ఇంకొంచెం. ఆ ఐదింట్లో ఏది మాత్రను చెడగొట్టిందో డాక్టర్ కూడా గట్టిగా చెప్పలేకపోయాడు.

నెలన్నరకు రిద్వాన్ ఇంటికొచ్చాడు. ఇప్పుడు మళ్లీ టైల్స్ పనికి పోతున్నాడు, బరువులు మాత్రం ఎత్తడు.

ఫాయ్‌కా దుకాణం మూయలేదు. కానీ ఎవరొచ్చినా ముందు ఏ మందులు వాడుతున్నారో అడుగుతుంది. ఆపరేషన్ అయిందంటే పొట్లం కట్టదు, డాక్టర్ని అడిగి రమ్మంటుంది. సగంమంది విసుక్కుని పక్కవీధి దుకాణానికి పోతున్నారు. మొన్న మా అత్తగారిని కూడా వెనక్కి పంపేసింది. ఆవిడ ఇంకా కోపంగానే ఉంది.