నాలుగో సీసం గుండు

సంజీవరావుకు వలి మీద అసూయ. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆయన దీనికి రెండేళ్లపాటు రకరకాల పేర్లు పెట్టుకుంటూ వచ్చాడు. కొన్నాళ్లు నిరాశ అన్నాడు, కొన్నాళ్లు వయసు అన్నాడు. ఓ ఆదివారం చర్చి నుంచి తిరిగి వస్తూ భార్య ప్రమీలతో ‘లోకం తీరు’ అని కూడా అన్నాడు.

“లోకం తీరేం కాదండీ. వలి సంచిలో చేపలు” అంది ఆవిడ.

తెనాలిలో ఓ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఆయన ముప్ఫై ఏళ్లు అసిస్టెంటుగా చేశాడు. ఉద్యోగం జీతం ఇచ్చింది గాని, పేరు తెచ్చింది గాలమే. జీలుగు బెండును ఎండబెట్టి, బ్లేడుతో కోసి, గరుకు కాగితం మీద రుద్ది ఎండు ఖర్జూరమంత చేసేవాడు. అందులోంచి కొబ్బరి ఈనె గుచ్చి, పైకొసకు ఎర్రటి గోళ్లరంగు పూసేవాడు. దాన్ని నైలాన్ దారానికి కట్టి, కింద చిన్న చిన్న సీసం గుండ్లు నొక్కి, చివర ముల్లు ముడి వేసేవాడు. అసలు పని ఆ తర్వాతే. నీళ్లలో వదిలితే బెండు నిటారుగా నిలబడి, ఎర్ర కొస సరిగ్గా వడ్లగింజంత పైకి కనిపించాలి. ఇంకా లేచిందా, ఎర ముట్టిన చేపకు బెండు బరువు తెలిసిపోయి వదిలేస్తుంది. ఇంకా దిగిందా, చేప రాకుండానే బెండు మునుగుతుంది. గుండు గోటితో గీరి, ఓ పిసరు తీసి, మళ్లీ వేసి, ఒక్కో బెండు మీద పూటంతా గడిపేవాడు. ఇంట్లో కుదిర్చిన బెండును గట్టున మళ్లీ ముట్టుకోకూడదన్నది ఆయన సూత్రం. గట్టున కూర్చుని గుండ్లు సర్దేవాణ్ణి ఆయన మనిషిగా లెక్కేసేవాడు కాదు.

వలి అప్పట్లో వాళ్ల వీధి చివర టైలరు. ముడి వేయడం దగ్గర్నుంచి అంతా సంజీవరావే నేర్పాడు. బాపట్ల నుంచి పశువుల డాక్టరు శేషగిరిరావుగారు ఏటా కాలువలకు నీళ్లు వదిలే ముందు కబురు పెట్టి, సంజీవరావు కట్టిన బెండ్లే తెప్పించుకునేవారు. కొమ్మమూరు కాలువ గట్టున పదిమంది కూర్చుంటే అందులో ఆరుగురివి ఆయన చేతి బెండ్లే.

రిటైరయ్యాక రేపల్లెలో ప్రమీలకు వచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకున్నారు. అక్కణ్ణుంచి దశ తిరగబడింది. అదే బెండు, అదే ఈనె, అదే చేయి. ఇంట్లో డ్రమ్ములో వడ్లగింజంత నిలబడిన కొస కాలువలో వేయగానే బుడుంగుమనేది. మొదటి ఏడు ఆయన పారుదలను తిట్టాడు. రెండో ఏడు జీలుగును తిట్టాడు. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి అద్దాలు మార్పించుకున్నాడు. గట్టున మాత్రం ఒక్క గుండు తీయలేదు, సూత్రం సూత్రమే. ఈలోగా శేషగిరిరావుగారి కబురు రేపల్లెకు కాక తెనాలిలో వలికి వెళ్లడం మొదలైంది. స్నేహం అసూయను కడిగేస్తుందని చెప్పేవాళ్లు, తాము నేర్పిన శిష్యుడి పక్కన ఖాళీ సంచితో ఎప్పుడూ కూర్చుని ఉండరు.

ఓ గురువారం వలి రేపల్లెలో చుట్టాల ఇంటికి నిశ్చితార్థానికి వచ్చి, పోతూ పోతూ సంజీవరావు చేతికి ఓ అట్టపెట్టె ఇచ్చాడు. అందులో పన్నెండు బెండ్లు, అన్నీ శేషగిరిరావుగారి కోసం కట్టినవే. శనివారం గట్టుకు తాను వచ్చేసరికి ఆలస్యం కావచ్చనీ, కాస్త ముందే ఆయనకు అందించమనీ అడిగాడు. సంజీవరావు అలాగేనన్నాడు.

శుక్రవారం పొద్దున టిఫిన్ చల్లారిపోతున్నా ఆయన డ్రమ్ము దగ్గరే ఉన్నాడు. వలి బెండును నీళ్లలో వదిలాడు. ఎర్ర కొస వేలెడు పైకి లేచి నిలబడింది. రెండోదీ అంతే. పన్నెండూ అంతే. రెండేళ్లుగా ఛాతీలో ఉన్న బిగువు సడలినట్టయింది ఆయనకు. ఇదన్నమాట ఈ మహానుభావుడి పనితనం, ఇంత పొగరుగా లేచే బెండుతో వాడు చేపలు పట్టడం ఒట్టి అదృష్టమన్నమాట. ప్రమీలను పిలిచి చూపించాడు. ఆవిడ పప్పులోకి మంచినీళ్ల డబ్బా వంచుకుంటూ, బాగానే నిలబడ్డాయి కదా అంది. చూడటం తెలియదని విసుక్కున్నాడు.

తర్వాత చేసిన పనిని ఆయన ‘దిద్దడం’ అనుకున్నాడు. వలి ఒక్కో దారానికి మూడేసి గుండ్లు ప్లయరుతో నొక్కి ఉంచాడు. సంజీవరావు తన అలవాటు ప్రకారం పంటితో నాలుగోది నొక్కి, గోటితో గీరి కుదిర్చాడు. పన్నెండింటికీ పన్నెండు. డ్రమ్ములో అన్నీ వడ్లగింజంత నిలబడ్డాయి. డాక్టరుగారు మెచ్చుకున్నాక, వలి ఎదుటే, మాటవరసకన్నట్టు చెప్పాలి: ‘కొంచెం తేలికగా ఉంటే నేనే సరిచేశానండి.’ చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్తూ ఆ వాక్యాన్ని నాలుగు రకాలుగా అనుకుని చూశాడు.

శనివారం గట్టున శేషగిరిరావుగారు మొదటి బెండు వేశారు, మునిగింది. చేపేమోనని లాగారు. ఎర చెక్కుచెదరలేదు. రెండోది మునిగింది. మూడోది వేస్తుండగా వలి మోపెడ్ దిగి వచ్చాడు.

“ఏంటయ్యా ఇది? గాలం వేస్తున్నానా, లంగరు వేస్తున్నానా?” అన్నారు డాక్టరు.

వలి దారాన్ని బొటనవేలి మీదుగా జార్చాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగోదాని మీద పంటి గాటు ఉంది. అలా పంటితో నొక్కేవాళ్లు ఆ గట్టున ఒక్కరే. వలి ఒక్కసారి తలెత్తి సంజీవరావు వైపు చూసి, మళ్లీ దారం వైపే చూశాడు.

“నాదే తప్పండి. తొందరలో బరువెక్కువ వేసేశాను” అన్నాడు.

డాక్టరుగారి ముఖం మెత్తబడింది. ఎంతటివాడికైనా ఒక్కోసారి చేయి తప్పుతుందన్నారు, తప్పు ఒప్పుకునేవాడే పనివాడన్నారు. పైగా సంజీవరావు వైపు తిరిగి, మీ శిష్యుడు మంచివాడండీ అన్నారు.

సంజీవరావు తేలిగ్గా బయటపడ్డాడు. నోరు మూసుకుంటే చాలు, గట్టున ఆయన పేరుకు మిగిలిన కాస్త మర్యాదా భద్రం. కానీ ఆయనకు ఒళ్లు మండింది. చేపలు వాడివే, డాక్టరూ వాడివాడే. ఇప్పుడు పెద్దమనసు కూడా వాడిదేనా? తన పంటి గాటు మీద నిలబడి వాడు మహాత్ముడవుతాడా?

“ఆ గుండు వాడు వేసింది కాదండి. నేను వేశాను.”

దీన్ని పశ్చాత్తాపం అనేవాళ్లు అనుకోవచ్చు. ఆ సమయంలో ఆయన గొంతులో అలాంటిదేమీ లేదు.

ఎందుకు వేశారని డాక్టరు అడిగారు. డ్రమ్ములో వేలెడు పైకి లేచాయి కాబట్టి వేశానని సంజీవరావు కటువుగానే చెప్పాడు. వలి చేతిలోని బెండును తిప్పి చూశాడు. తర్వాత మెల్లిగా అడిగాడు.

“అన్నా, మీ డ్రమ్ములో ఏ నీళ్లు?”

“బోరు నీళ్లు.”

ఆ మాట తన నోటి నుంచి వచ్చాకే ఆయనకు వినపడింది. రేపల్లె బోరు, పప్పు ఉడకని నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు, ఉప్పు నీళ్లు. ఉప్పు నీళ్లలో బెండు ఎక్కువ తేలుతుంది. ఏటా జూన్‌లో కొత్త పిల్లలకు రెండు గాజు జాడీల్లో, ఒకదాంట్లో ఉప్పు కలిపి, ఆ ప్రయోగాన్ని సర్ది పెట్టింది ఆయనే. తెనాలిలో పంపు నీళ్లంటే కాలువ నీళ్లే, అందుకే అక్కడ అంతా కుదిరింది. రెండేళ్లుగా ఆయన ఉప్పునీళ్ల లెక్కతో మంచినీళ్ల బెండ్లు కడుతున్నాడు.

“మీకు చూపు ఆనడం లేదేమో అనుకున్నానన్నా. మీ పేరు చెడుతుందని డాక్టరుగారి పని నేను తీసుకున్నా” అన్నాడు వలి.

జాలి పడ్డాడన్నమాట. అసూయకు అంతకంటే కారమైన మందు ఉండదు. సంజీవరావు చేయి చాచాడు. వలి జేబులోంచి ప్లయరు తీసి ఇచ్చాడు. గట్టున పదిమంది చూస్తుండగా ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో నాలుగో గుండూ విప్పి, ఒక్కో బెండునూ కాలువ నీళ్లలో దించి చూడసాగాడు. ఒకటి వడ్లగింజంత నిలబడింది. రెండు, మూడు, నాలుగు, ఎనిమిది దాకా అన్నీ వలి కుదిర్చినట్టే అచ్చంగా వడ్లగింజంత. ఒక్కోటీ నిలబడినప్పుడల్లా ఆయన దవడ బిగుసుకుంది.

తొమ్మిదోది మాత్రం రెండు వడ్లగింజలంత లేచింది.

సంజీవరావు దాన్ని తీసి, మళ్లీ దించాడు. కొత్త అద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. సందేహం లేదు.

“ఇది మాత్రం నీదే, వలీ.”

వలి వంగి చూశాడు. “అవునన్నా. తేలికైంది” అని ఒప్పుకున్నాడు.

“డాక్టరుగారూ, ఓసారి ఇటు రండి” అన్నాడు సంజీవరావు. శేషగిరిరావుగారు వచ్చి చూసి, సరేలెండి అని వెళ్లిపోయాక, ఆయన్ను మళ్లీ పిలిచాడు.