పొగమంచులో ఒకే మోత

మా క్యాంప్ అంతా ఒక్కసారిగా మోగిపోతోంది. జనరేటర్ షెడ్డు దగ్గర ఒకడు రేకు డబ్బా బాదుతున్నాడు. వంటశాల వెనక వంటవాడు లింబాద్రి గరిటెతో పెద్ద గిన్నె మీద కొడుతున్నాడు. రెండు లారీలు చెరోవైపు నిలబడి హారన్లు మోగిస్తున్నాయి. అల్ రువైస్ రేవు నుంచి వస్తూ పొగమంచులో చిక్కుకున్న డ్రైవర్ మల్లయ్యకు క్యాంప్ ఎటుందో తెలియాలని ఎవరికి తోచింది వాళ్ళు చేస్తున్నారు. ఉదయం ఏడు దాటింది. పది అడుగుల అవతల మనిషి కనిపించడం లేదు.

నేను రేడియో గుడారంలో ఆపరేటర్ పక్కన ఉన్నాను. మల్లయ్య బండిలోని సెట్ నుంచి గొంతు వస్తోంది.

"హవల్దార్ సాబ్, సప్పుడు మస్తు ఇనవడ్తుంది. ఎటు దిక్కుకెల్లి అస్తుందో సమజైతలేదు. నాలుగు దిక్కులా అదే. ఓవర్."

"నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి? ఓవర్."

"టైర్ల సగందాక అచ్చినయి. బండి ముందట ఇంకింత దిగవడ్డది. ఇగ బండ్ల కూసునుడు అయ్యేటట్టు లేదు సాబ్. ఓవర్."

అప్పుడే మా సర్వేయరు హైన్రిష్ గుడారం తెర తోసుకుని లోపలికి వచ్చాడు. జర్మన్. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. ఆ ఉదయం అరిచాడు.

"ఆపమను. అందరినీ ఆపమను. ఒక్క చోట నుంచి ఒక్కటే మోత రావాలి. కొట్టాక ఆగాలి. అతను వినడానికి, మనం వినడానికి. మా ఊళ్ళో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు."

ఆ ఊరి సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సైన్యంలో నేను ఇంజనీర్ల దళంలో పనిచేశాను. వంతెనలు వేయడం, దారులు చేయడం, మందుపాతరలు తీయడం మా పని. రిటైరయ్యాక, డెబ్భయ్యో దశకం చివర్లో ఖతర్ వెళ్ళాను. అప్పుడు అక్కడ చమురు డబ్బుతో రోడ్లు, పైపులైన్లు, రేవులు అన్నీ ఒకేసారి లేస్తున్నాయి. దోహాలో దిగిన మర్నాడే ఒక సర్వే కంపెనీ నన్ను ఉత్తరానికి పంపింది. క్యాంప్ కాపలా, రేడియో డ్యూటీ నా బాధ్యత. ఆర్మీ బూట్లు, ఓవర్‌కోటు తీసుకెళ్ళాను. ఎడారికి ఓవర్‌కోటు ఎందుకని ఊళ్ళో నవ్వారు. జనవరిలో అక్కడ గుడారం గుడ్డ నుంచి మంచు నీళ్ళు కారేవి. ఓవర్‌కోటు లేనివాళ్ళు నా దాని కోసం వంతులు వేసుకున్నారు.

క్యాంప్ ఒక సున్నపురాతి దిబ్బ మీద ఉంది. ఎత్తు ఒక మనిషి అంత. దానికీ సముద్రానికీ మధ్య బల్లపరుపుగా ఉప్పు నేల. అక్కడివాళ్ళు దాన్ని సబ్ఖా అంటారు. పైన తెల్లటి పెచ్చు అప్పడంలా గట్టిగా ఉంటుంది. కింద బూడిదరంగు బురద. పోటు వచ్చినప్పుడు అలలేమీ కనిపించవు, నీరు కింది నుంచి ఊరి పైకి వస్తుంది. తూర్పు వైపు కంపెనీ వేసిన కంకర రోడ్డు ఉంది. అది సముద్రం వైపు పొడుచుకెళ్ళిన గట్టినేల మీదుగా చుట్టు తిరిగి అల్ రువైస్ చేరుతుంది. ఎండ రోజుల్లో డ్రైవర్లు ఆ చుట్టు మానేసి ఉప్పు నేల మీదుగా అడ్డంగా వచ్చేవారు. వాన పడితే ఆ దారి వాడకూడదని ఆర్డర్. పౌర్ణమి పోటు గురించి ఆ ఆర్డర్‌లో ఏమీ లేదు.

మల్లయ్యది జగిత్యాల దగ్గర పల్లె. లింబాద్రి నిజామాబాద్ వైపువాడు. లింబాద్రి అక్కను మల్లయ్య చేసుకున్నాడు. క్యాంప్‌లో ఉన్న వినోదమంతా ఈ బావా బామ్మర్దుల మాటలే.

"మీ అక్కకు నువ్వు ఇదే పప్పు నేర్పినవారా లింబా? అందుకే నేను దుబాయ్ అచ్చిన."

"దుబాయ్ కాదు బావా, ఖతర్. నాలుగేండ్లయింది, ఎక్కడున్నవో గూడ ఎరుక లేదు నీకు."

"మా అవ్వ దుబాయ్ అంటది. అవ్వ మాటంటే మాటనే."

శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నాల్లో హైన్రిష్ వంటశాల నీడలో కూర్చుని మా టీ తాగేవాడు. తన ఊరి గురించి ఇంగ్లీషులో చెప్పేవాడు. నేను లింబాద్రికి తెలుగులో చెప్పేవాణ్ణి.

జర్మనీకి ఉత్తరాన, కొండ అన్నది లేని చోట ఉంది ఆ ఊరు. అంతా బాడవ. వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ కుళ్ళి పేరుకున్న నల్లని నేల, ఎప్పుడూ తడే. అక్కడ పూర్వం మనుషులు ఉండేవారు కాదు. రెండు వందల ఏళ్ళ కిందట, పొలం లేని కూలీలను తెచ్చి ఆ బాడవలో స్థలాలిచ్చారట. వాళ్ళు ముందు చేతులతో ఒక కాలువ తవ్వారు. నీరు కాలువలోకి దిగాక దాని ఒడ్డున ఇళ్ళు కట్టారు. అందుకే ఊరంతా ఒకే వీధి. ఒకవైపు కాలువ, రెండోవైపు ఇళ్ళు. ప్రతి ఇంటి వెనకా ఆ ఇంటివాళ్ళ పొలం సన్నటి పట్టీలా బాడవలోకి పోతుంది. ఈ చివరి ఇంటివాళ్ళు ఆ చివరి ఇంటి పెళ్ళికి వెళ్ళాలంటే పడవ ఎక్కేవారు.

వాళ్ళు ఆ నల్ల నేలను ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పడవల్లో పట్నానికి పంపేవారు. పట్నంవాళ్ళు దాన్ని పొయ్యిలో పెట్టుకునేవారు.

"మట్టిని కాలవెడ్తరా? జర్మనీల పిడకలు దొరకయా సాబ్?" అని లింబాద్రి ఆశ్చర్యపోయాడు.

నేను తర్జుమా చేశాను. హైన్రిష్ చాలాసేపు నవ్వాడు. కోసిన కొద్దీ, నీరు తీసిన కొద్దీ నేల కుంగిపోయిందని చెప్పాడు. గుంజలు దింపి కట్టిన వాళ్ళ తాత ఇంటి గుమ్మానికి మొదట ఒక మెట్టు ఉండేదట. అతని చిన్నప్పటికి నాలుగయ్యాయట. ఇల్లు కూడా కాలువ వైపు ఒరిగింది. బల్ల మీద బంతి పెడితే దొర్లిపోయేది.

చర్చి బరువును ఆ నేల మోయలేదు. అందుకని ఊరి చివర ఇసుక మిట్ట మీద కట్టారు. అక్కడ ఒక గంట ఉంది. పొగమంచు దిగితే బాడవలోకి పోయినవాళ్ళ కోసం దాన్ని కొడతారు. ఒకసారి కొట్టడం, ఆగి చెవి పెట్టడం, మళ్ళీ కొట్టడం. యుద్ధకాలంలో గంటను కరిగించడానికి సర్కారువాళ్ళు పట్టుకుపోయారు. అప్పుడు రైలు పట్టా ముక్కను వేలాడదీశారు. హైన్రిష్ చిన్నప్పుడు విన్నది ఆ పట్టా మోతే. ఒకసారి అతని తండ్రి దాన్ని విని ఇంటికి చేరాడట.

మాది కొల్లేటి పక్క ఊరు. నాకు ఆ నేల సులువుగా అర్థమైంది. ఉప్పు నేల మీద హైన్రిష్ ఎప్పుడూ మూడు అడుగులు మించి వేయకపోవడం కూడా అప్పుడే అర్థమైంది.

నేను మొదట చెప్పిన ఆ శుక్రవారం మల్లయ్య తెల్లవారకముందే రేవుకు వెళ్ళాడు. చేపలు తేవడానికి. తిరుగు ప్రయాణంలో ఆకాశం తేటగా ఉంది. ఉప్పు నేల సగం దాటాక మంచు కమ్మింది. ముందు చక్రాలు దిగబడ్డాయి. పౌర్ణమి పోటు మొదలైంది.

హైన్రిష్ చెప్పినట్టు అందరినీ ఆపాను. డ్రిల్లింగ్ గొట్టం ముక్కను క్యాంప్ పికప్ వెనక ఇనుప చట్రానికి తాడుతో కట్టాం. లింబాద్రి సుత్తి అందుకున్నాడు. "నేనే కొడ్త సాబ్, మా బావ" అన్నాడు. ఇంకెవరూ అడగలేదు.

ఒక దెబ్బ. హైన్రిష్ చెయ్యెత్తి ఆపాడు. నిశ్శబ్దం. మళ్ళీ ఒక దెబ్బ.

నేను గుడారంలోకి తిరిగి వచ్చేసరికి రేడియోలో మల్లయ్య గొంతు తేరుకుంది. "ఆ, ఇప్పుడు దొరికింది సాబ్. నా ఎడమ పక్కకెల్లి అస్తుంది. బండి దిగుతున్న. దాని మీదికే నడుస్త."

"మెల్లగా రా. ప్రతి మోతకూ గట్టిగా కేకెయ్. ఓవర్."

"సరే. లింబనికి చెప్పురి, సుత్తె ఇడువద్దని."

ఆ తర్వాత సెట్‌లో గరగర తప్ప ఏమీ లేదు. రేడియో ఆపరేటర్ మలయాళీ. హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూసి, "వో నికల్ గయా" అన్నాడు, బండి వదిలి బయల్దేరాడని. నేను పికప్ దగ్గరికి పరుగెత్తాను.

నాలుగైదు దెబ్బల తర్వాత, మధ్య నిశ్శబ్దంలో, చాలా దూరం నుంచి ఒక కేక వినిపించింది. క్యాంప్‌లోవాళ్ళు ఒకరినొకరు పట్టుకున్నారు. హైన్రిష్ మాత్రం కదల్లేదు. నేల వైపు చూస్తున్నాడు.

"మా ఊళ్ళో గంట దగ్గరికి దారులుంటాయి" అన్నాడు. "మొదటి కాలం నుంచీ ప్రతి దారినీ ఆ మిట్టకు గురిపెట్టి వేశారు, కట్టెలు పరిచి. మోత వైపు నడిస్తే దారి మీదే ఉంటావు. నాకు అది గుర్తుకు రాలేదు. ఇక్కడ దారి లేదు. బండికీ మనకూ మధ్య ఉన్నదంతా పల్లం. ఇక్కడికెల్లా మెత్తటి నేల అదే. మనం అతన్ని తిన్నగా దానిలోకి పిలుస్తున్నాం."

"ఏమంటుండు సాబ్?" అన్నాడు లింబాద్రి.

చెప్పాను. అతని సుత్తి గాలిలో ఆగిపోయింది.

"మరి ఆపాల్నా?"

ఆపితే మల్లయ్య ఎటు తిరుగుతాడో తెలియదు. సముద్రం వైపు తిరగవచ్చు. కొడుతూ ఉంటే పల్లంలోకి వస్తాడు. అప్పుడు కంకర రోడ్డు గుర్తొచ్చింది. అది గట్టినేల. మోతను ఆ రోడ్డు వెంట జరిపితే అతనూ దానితో తిరుగుతాడు. ఒక్కసారిగా చోటు మారిస్తే గందరగోళపడతాడు. అంచెలంచెలుగా జరగాలి.

"కొట్టడం ఆపకు" అన్నాను లింబాద్రితో. "బండి కదుల్తుంది. గట్టిగా నిలబడు."

పికప్‌ను నడక వేగంలో రోడ్డెక్కించాం. పికప్ నడిపేవాడికి రోడ్డు అంచు కనిపించడం లేదు. నేను బానెట్ ముందు నడుస్తూ చేతితో దారి చూపాను. హైన్రిష్ వెనక లింబాద్రి పక్కన నిలబడి చెవి ఒగ్గాడు. కొద్ది దూరానికోసారి బండి ఆగేది, ఇంజను ఆపేవాళ్ళం. ఒక దెబ్బ. నిశ్శబ్దం. కేక. మళ్ళీ కదిలేవాళ్ళం. ఒకచోట కేక రాలేదు. లింబాద్రి మళ్ళీ కొట్టాడు. రాలేదు. మూడోసారి కొట్టి, సుత్తి వదిలేసి, "బావా!" అని గొంతు చించుకుని అరిచాడు.

"అరువకుర, ఇంటున్న" అని చాలా దగ్గర నుంచి జవాబు వచ్చింది.

తెల్లటి మంచులో ముందు ఒక గంప కనిపించింది. తర్వాత దాని కింద మనిషి. చీలమండల దాకా బూడిదరంగు బురద. బూట్లు మెడలో వేలాడుతున్నాయి. నెత్తి మీద చేపల గంప.

"ఏందిర లింబా, మీ సప్పుడు నడుస్తుందేంది? ఒక్క దిక్కున నిలవడరాదు? నేను ఇటు రావాల్నా అటు పోవాల్నా?"

"చేపలు మోసుకొచ్చినవా?" లింబాద్రి ఏడుస్తున్నాడు. "ప్రాణం పోతుంటే చేపలా? మనిషివేనా నువ్వు?"

"ఇడిసిపెట్టి అస్తే మల్ల పప్పే వండుతవు గద."

లింబాద్రి బావను గంపతో సహా కౌగిలించుకున్నాడు. చేపలు రోడ్డు మీద పడ్డాయి. హైన్రిష్ టోపీ తీసి కంకర మీద చతికిలబడ్డాడు. ఎవరికీ వెంటనే కదలాలనిపించలేదు. నా వీపు మీద నుంచి ఏదో బరువు దింపినట్టు అనిపించింది. అప్పుడు చూసుకున్నాను, ఓవర్‌కోటు లేకుండానే వచ్చానని. చలి తెలియనే లేదు.

ఆ మధ్యాహ్నం చింతపులుసుతో చేపల కూర. హైన్రిష్ మాతో నేల మీద కూర్చుని చేత్తో తిన్నాడు. మల్లయ్య ముల్లు తీసుకోవడం చూపించాడు.

మర్నాడు ఎండ కాసింది. పోటు వెనక్కి తీసింది. మెత్తటి నేల హద్దు గుర్తించి డ్రమ్ములు పాతాలని హైన్రిష్, నేను బయలుదేరాం. సైన్యంలో చేసినట్టు పలకలు ఒకదాని ముందు ఒకటి వేసుకుంటూ వెళ్ళాం. అలల్లేని నీరు కాబట్టి మల్లయ్య అడుగులు ఉప్పు పెచ్చు మీద చెరగకుండా స్పష్టంగా ఉన్నాయి. రోడ్డు దగ్గర నుంచి వెనక్కి చూస్తే, మోత జరిగిన చోట అడుగుల వరస వంపు తిరిగింది. వంపుకు ముందు తిన్నగా క్యాంప్ వైపే వచ్చింది. అంటే మేము తెలుసుకునే లోపే అతను పల్లంలో చాలా దూరం నడిచాడు.

హైన్రిష్ దగ్గర నేల లోతు చూసే ఇనుప కడ్డీ ఉంది, మనిషి కంటే పొడవు. ఒక అడుగు ముద్ర పక్కన ఆనించాడు. నొక్కలేదు. కడ్డీ తన బరువుకే దిగడం మొదలుపెట్టి, అతని పిడికిలి నేలకు తగిలేదాకా ఆగలేదు. తర్వాతి ముద్ర దగ్గరా అంతే. ఆ తర్వాతదీ అంతే. నేను నిలబడిన పలక పక్కన ఇంకో పలక వేసుకున్నాను.

కొంతకాలానికి ఆ సర్వే పూర్తయింది. హైన్రిష్ వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మల్లయ్య, లింబాద్రి వేరే క్యాంప్‌కు మారారు. నా కాంట్రాక్టు తీరాక బొంబాయిలో దిగి, రైలెక్కి ఇంటికి వచ్చాను. తర్వాత చాలా ఏళ్ళు ఒక దినపత్రికకు మా ప్రాంతం వార్తలు రాశాను. ఎన్నో వరదలు, ప్రమాదాలు చూశాను. కళ్ళు మూసుకుంటే మాత్రం తెల్లటి మంచులోంచి ముందు గంప, తర్వాత మనిషి రావడమే కనిపిస్తుంది. చూసిన ప్రతిసారీ ఊపిరి తేలికవుతుంది.

పల్లంలో మల్లయ్య అడుగులు ఎక్కడా చీలమండ దాటి దిగలేదు. మడమ, అయిదు వేళ్ళు అచ్చు గుద్దినట్టు పడ్డాయి. తెల్లవారుజాము చలికి పెచ్చు బిగుసుకుందేమో అని హైన్రిష్ మొదట అన్నాడు. ఉప్పునీళ్ళు ఊరే చోట అది జరగదని తనే కొట్టిపారేశాడు. కింద రాయి ఏదైనా ఉందేమోనని ఆ వరస పొడవునా కడ్డీ దించి చూశాడు. రాయి తగల్లేదు. ఆ నేల ఆ ఉదయం గంపతో సహా అతన్ని ఎందుకు మోసిందో హైన్రిష్ చెప్పలేకపోయాడు. తర్వాత నేను అడిగినవాళ్ళలోనూ ఎవరూ చెప్పలేదు.