పాకం చూసే కన్ను

మా పూతలపట్టు పక్క చెరకు గానుగాడించే రైతులందరికీ శకుంతలమ్మ కావాల్సిందే. పెనంలో రసం ఉడుకుతా ఉంటే నురగ రంగు చూసి "దించండప్పా" అనేది ఆమే. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే బెల్లం చెడిపోతుంది. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆమెకు ఎడమకన్ను పోయింది. మొగుడు పోయినాక, ఉన్న ఒక్క కంటితోనే ఇద్దరు కూతుళ్లను సాకింది. ఆ కంటిని చెడగొట్టినోణ్ణి నేనే.

నా పేరు ధనంజయ. ఊర్లో ఒక డాక్టరు కాడ కాంపౌండరుగా ఉండినా. జనం నన్ను కూడా డాక్టరప్పా అంటా ఉంటే, కాదని ఏ రోజూ చెప్పలేదు. నా మొహానికి ఆ పిలుపొకటి.

డెబ్బై తొమ్మిదిలో మా ఊర్లో కంటి క్యాంపు పెట్టి, శుక్లాలు తీయించుకున్నోళ్లకు తలా ఒక చుక్కల మందు సీసా ఇచ్చినారు. కన్ను మానినాక వాళ్లే, మిగిలిన మందు పారబోయడానికి మనసొప్పక, "ఎవరికన్నా పనికొస్తాది, పెట్టుకోప్పా" అని సీసాలు తెచ్చి నాకిచ్చినారు. కన్ను ఎర్రబడి వచ్చినోళ్లకు అందులోంచి రెండు చుక్కలేస్తే సాయంత్రానికి ఎరుపు పోయేది. దాంతో నాకు కొమ్ములొచ్చినాయి.

ఆ ఏడాది గానుగల కాలంలో శకుంతలమ్మకు జ్వరమొచ్చి తగ్గింది. వెనకే కన్ను ఎర్రబడి నీళ్లు కారబట్టింది.

"ఇసక పడినట్టుండాదప్పా. ఎలుతురు సూడలేకుండా ఉండా" అనింది.

పొయ్యి పొగ అనుకున్నా. మా డాక్టరుకు చూపించిన పాపాన కూడా పోలేదు. ఒక సీసా చేతికిచ్చి పంపేసినా. నాలుగు రోజులు బాగుందనింది. రెండు వారాలకు నల్లగుడ్డు మీద తెల్లగా మబ్బు కమ్మింది. అది చూసి ఆమెను తిరుపతికి పిల్చుకోని పోయినా.

ఆస్పత్రిలో కంటి డాక్టరు ఆమె కంట్లో రంగు కాగితం తాకించి, దీపాలార్పి, నీలం వెలుతురేసి చూసినాడు. నన్ను కూడా చూడమన్నాడు. నల్లగుడ్డు మీద పచ్చగా మెరుస్తా, చెట్టుకొమ్మల మాదిరి చీలిన పుండు.

"ఇది వైరస్ పుండు. మొదట్లోనే వచ్చింటే మచ్చ లేకుండా మానేది. ఎవరో స్టెరాయిడ్ చుక్కలేసినారు. దాంతో ఎరుపు పోతుంది, పుండు మాత్రం లోపల తినేస్తుంది. ఎవరమ్మా ఇచ్చింది?"

నేను గోడకున్న క్యాలెండరు చూస్తా నిలబడినా. కొంచేపటికి శకుంతలమ్మే, "సంతలో ఎవరో ఇచ్చినారు సార్" అనింది. నేను, సిగ్గులేనోణ్ణి, అవునన్నట్టు తలూపినా.

గంటగంటకూ వేయాల్సిన వైరస్ మందిచ్చినారు. రోజూ పొద్దున్నుంచీ ఆమె ఇంటికాడే కూర్చోని నేనే వేసినా. మూడు వారాలకు పుండు మానింది గానీ మచ్చ పోలేదు. మనిషి ఆకారం తెలుస్తాది, మొహం తెలీదు. నురగ రంగు అసలే తెలీదు. మరుసటేడు గానుగలు మొదలైనా ఆమెను ఎవరూ పిలవలేదు.

అప్పుడు పోయి ఆమె ముందర కూలబడి, "ఆ మందు తప్పుడు మందు. పాడు చేసింది నేనే అక్కా" అని ఏడ్చినా.

"ఆ డాక్టరు చెప్తా ఉంటే నేను ఇనలేదా?" అనింది. "ఎవరిచ్చినారని అడిగినప్పుడు నువ్వు చెప్తావని సూసినా. చెప్పింటే, తెలీక చేసినావులే అనుకోని ఉందును. నువ్వు నోరు తెరవకపోతే నాకే సిగ్గేసి అబద్ధమాడినా."