రుమాలు కింద లెక్కలు

మా ముత్తాత ఆదోనిలో పత్తి వ్యాపారి. ఆయన రుమాలు పరిచేదాకా ఆ పూట బజారులో ధర తెగేది కాదు. మా తాత నాటికి రెండు జిన్నింగు మిల్లులు ఉండేవి. చిప్పగిరి, హాలహర్వి నుంచి పత్తి బండ్లు తోలుకొచ్చిన రైతులు మా అరుగు మీద మజ్జిగ తాగనిదే వెనక్కి మళ్లేవారు కాదు. ఆ ఇంటివాణ్ణి నేను. ఇప్పుడు టీచర్లకు పాఠం చెప్పడంలో తోడుండే ఉద్యోగం చేస్తున్నాను. ఎమ్మిగనూరు బస్సులో నిలబడి వెళ్లినా ఇస్త్రీ మడత చెదరనివ్వను.

నా పనికి ఫోనులో ఒక ప్రణాళిక పట్టిక ఉంది. అందులో మూడు గడులు. ఈ వారం ఏ ఒక్క సంగతి మెరుగుపడాలి, దానికి టీచరు ఏం చేయాలి, పిల్లల్లో నేను ఏం చూడాలి. పాఠానికి ముందే ఇద్దరమూ కూర్చుని నింపుకోవాలి. నేను మాత్రం ఇంట్లోనే మూడూ నింపి పంపేవాణ్ణి. ఒకరు చెప్పడం, మిగతావాళ్లు వినడం మా ఇంటి అలవాటు.

ఎమ్మిగనూరులో ఒక బడిలో కొత్తగా చేరిన టీచరమ్మ ఐదో తరగతికి లెక్కలు చెప్పేది. ఏ ప్రశ్నకైనా ఇద్దరు ముగ్గురే జవాబు అరిచేవారు, మిగతావాళ్లు పెదవులు కదిపేవారు. ఈ నెలలో మార్పు రాకపోతే ఆ తరగతి లెక్కలు ఇంకొకరికి ఇస్తానని హెడ్మాస్టరు చెప్పేశాడు. ఆమెకేమో లెక్కలంటే ప్రాణం. నేను పట్టికలో రాసి పంపాను: ‘ప్రశ్న అడిగాక ఆగాలి. పిల్లలను ఆలోచించనివ్వాలి.’

నేను వెళ్లేసరికి స్టాఫ్‌రూములో ఉగ్గాని, బజ్జి, చేతుల కుర్చీ సిద్ధం. నా రాకను తనిఖీ అనుకున్నారు. క్లాసులో ఆమె, “నలభై రెండులో ఆర్లు ఎన్ని?” అని అడిగి ఆగింది. క్లాసంతా ఆగింది. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తింది.

“మిస్, సారు పోయేదాంక సెప్పగూడదా?”

ముందురోజే ఆమె పిల్లలకు తర్ఫీదు ఇచ్చిందట, సారు ముందర ఎవరూ తొందరపడి అరవకూడదని. మా వంశంలో మగవాళ్లు నలుగురిలో పైకి నవ్వరు. నేను నవ్వేశాను.

ఆమె మాత్రం నవ్వలేదు. పాఠం అయ్యాక, “అయిపాయె సార్. లెక్కలు నా చేతిలోంచి పోయినట్లే. మీరు రాసినట్లే చేసినా గదా,” అంది.

నేను పట్టికలో మధ్య గడి చెరిపి ఫోను ఆమె చేతికిచ్చాను. “ఇది నువ్వే నింపమ్మా.”

ఆమె ఆలోచిస్తూ కూర్చుంది. ఊరకే ఉండటం నాకు చేతకాదు. మా ముత్తాత సంగతి ఎత్తుకున్నాను. ధర నోటితో చెప్పడం ఉండేది కాదని, రుమాలు కింద చేయీ చేయీ కలిపి వేళ్లు నొక్కేవారని, నాలుగు వేళ్లు పడితే నాలుగని, ఐదు దాటితే మళ్లీ పట్టి కలిపేవారని, పక్కవాడికి తెలిసేది కాదని చెప్పుకొచ్చాను.

ఆమె తలెత్తింది. “సార్! పిల్లోళ్లను ఇద్దరిద్దరిని ఎదురెదురు కూసోబెట్టి జవాబు ఇట్ల పట్టమంటే? అరిసేది ఉండదు, పక్కోళ్లది సూసేది ఉండదు. అందరూ సెప్పాల్సిందే.”

“అది పత్తి బజారు మర్యాదమ్మా, పిల్లల ఆట కాదు,” అన్నాను బిగుసుకుని.

“మీ ముత్తాత ఉంటే వద్దనునా సార్?”

ఆమె గడిలో ‘రుమాలు బేరం’ అని కొట్టింది.

మరుసటి వారం క్లాసు నిండా తువ్వాళ్లు, చేతిగుడ్డలు. మా ముత్తాత నాటి జరీ అంచు రుమాలు నేనే తీసుకెళ్లి ముందు బెంచీకి ఇచ్చాను. ప్రశ్న పడగానే గుడ్డల కింద వేళ్లు కదిలాయి. ఎప్పుడూ నోరు విప్పని వెనకబెంచీ పిల్ల, “కాదే, ఇంగోసారి సరిగ్గా పట్టు!” అని జతపిల్లను గదిమింది. గుమ్మంలో నిలబడ్డ హెడ్మాస్టరు ఉండబట్టలేక వచ్చి ఆ పిల్ల గుడ్డ కింద చెయ్యి పెట్టాడు.

“ఏంది సార్, యాభై ఆరులో ఏడులు ఎన్నంటే తొమ్మిదంటారే?”

క్లాసంతా గొల్లుమంది. రుమాలు సంగతి టీచరమ్మ ముందే చెప్పినట్టుంది, ఆయన కూడా నవ్వుతూ నావైపు తిరిగాడు. “ఏమప్పా, మీ ముత్తాత బేరంలో నన్నే ముంచె!” తర్వాత ఆమెతో, “లెక్కలు నీ దగ్గరే ఉండనీమ్మా,” అన్నాడు.

వచ్చేటప్పుడు ఆమె రుమాలు మడిచి ఇవ్వబోయింది. దానికి పని ఇక్కడే ఉంది, ఉంచమన్నాను. ఒకప్పుడు దాన్ని పరిచిన అంగడిని, ముత్తాత కూర్చున్న గద్దెతో, పత్తి తూచిన కాటాతో సహా మా నాన్న ఏనాడో అమ్మేశాడు.