ఖాజాబీ ఒత్తిన ముద్ద

యాభై ఏళ్ళ పైనుంచీ ఒక మట్టిముద్దను మోస్తున్నాను. ఉసిరికాయంత ముద్ద. నా భార్యకు చెప్పలేదు, ఆమె పోయింది. కొడుకులకు చెప్పలేదు, వాళ్ళకు వినే తీరిక లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మొన్న మనవడు ఒక కాగితం తెచ్చాడు. గుండ్లపోచంపల్లి దగ్గర వాడు పనిచేసే ఫ్యాక్టరీలో అందరికీ పంచారట. పనిచేసే చోట సంతోషంగా ఉన్నారా? పైవాళ్ళు మర్యాదగా చూస్తున్నారా? టిక్కు పెట్టండి, పేరు రాయనక్కర్లేదు. "పేరే అడుగుతలేరు తాతా, ఇగ భయమేంది?" అన్నాడు వాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఒళ్ళు మండింది. పేరు అడగకుండానే మనిషిని పట్టించే విద్య నాకు వీళ్ళందరికంటే ముందే తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మేడ్చల్ స్టేషనుకు కొంచెం ఇవతల గూనపెంకుల కార్ఖానా ఒకటి ఉండేది. శామీర్‌పేట చెరువు మట్టి బండ్ల మీద వచ్చేది. తొక్కడం, తీగతో కోయడం, అచ్చుల్లో పోయడం, బట్టీలో కాల్చడం. నలభై మందికి పైగా పనివాళ్ళు. నాకు ఇరవై ఏళ్ళు. బడికి పోలేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకని లెక్క రాసే పని ఇచ్చారు, కూర్చునే హక్కు మాత్రం ఇవ్వలేదు. నిలబడే రాసేవాణ్ణి.

బొల్లారం వైపు మిలిటరీ పనులకు మనుషులు వెళ్ళిపోతున్నారని పట్నంలో ఉండే యజమానికి దిగులు పట్టుకుంది. ఎందుకు పోతున్నారో పనివాళ్ళనే అడగమని మేనేజరుకు కబురు పంపాడు. మహానుభావుడు! గడప దాటి వచ్చి ఒక్క పూట నిలబడితే కళ్ళకే కనబడేది. కార్ఖానా మేస్త్రీ మేనేజరు బావమరిది. ఆడమనిషి నీళ్ళకని లేస్తే వెనకనుంచి పెంకుముక్కలు విసిరేవాడు, పళ్ళికిలిస్తూ. ఆ సంగతి అక్కడి కుక్కలకు కూడా తెలుసు.

చదువురాని వాళ్ళను పేరు బయటపడకుండా ఎట్లా అడగాలి? మేనేజరుకు తోచలేదు. నాకు తోచింది. మూడు కుండలు పెడదామన్నాను. ఒకటి నీళ్ళ గురించి, ఒకటి నీడ గురించి, ఒకటి మేస్త్రీ గురించి. ప్రతి మనిషికీ మూడు మట్టిముద్దలు. బాగుంటే గుండ్రంగా చేసి వేయాలి, బాగాలేకపోతే వేలితో ఒత్తి వేయాలి. ఎంత గొప్పగా తోచిందో నాకప్పుడు! ఆ గొప్పతనాన్ని తలుచుకుంటే ఈ రోజు నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

మట్టి కోసే ఖాజాబీ దగ్గరికి నేనే ముద్దలు తీసుకెళ్ళాను. భర్త లేని మనిషి. చూపు లేని తల్లితో కార్ఖానా ఆవరణలోనే గుడిసెలో ఉండేది. వరసలు లేకపోయినా నన్ను అల్లుడా అనేది.

"ఏం అల్లుడా, మస్తు పెద్దోనివైనవ్. గీ మట్టిముద్ద జెప్తదా నా కష్టం?"

"జెప్తది అత్తా. ఒత్తి కుండల ఎయ్యి, గంతే."

"ఒత్తింది నేనే అని తెలిస్తె? పని వాయె, గుడిసె వాయె. కండ్లు గానని మా అమ్మను తీస్కొని యాడికి వోవాలె?"

"ఎవ్వలకు తెల్వది. ముద్దకు పేరుంటదా?"

ఆమె నా మొహంలోకి చూసి నవ్వింది. "సదువొచ్చినోనివి, నువ్వు జెప్తున్నవ్ గన్క ఒత్తుత. నీ మాట బట్టీల ఏసినా పగలొద్దు మల్ల."

సాయంత్రం మేనేజరు ముందు కుండలు బోర్లించాను. నీళ్ళ కుండలో, నీడ కుండలో ఒత్తినవి చాలానే ఉన్నాయి. మేస్త్రీ కుండలో అన్నీ గుండ్రనివే. రోజూ దెబ్బలు తిని రోజూ తిట్టుకునే నలభై మందీ గుండ్రని ముద్దలే వేశారు. నేనూ గుండ్రనిదే వేశాను. ఒక్కటి, ఒకే ఒక్కటి, ఒత్తినది ఉంది.

"ఒక్కటే గదా, పారెయ్" అన్నాడు మేనేజరు.

వినండి, అతను అడగలేదు. నన్ను బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. పారెయ్ అన్నాడు, అంతే. పారేస్తే అయిపోయేది. నేను ఆ ముద్దను వెలుగులోకి పట్టుకుని చూశాను. తడిమట్టి మీద బొటనవేలి గుర్తు, దానికి అడ్డంగా ఒక గాడి. మట్టి కోసే తీగ తెగి ఖాజాబీ వేలిని ఎముకదాకా కోసినప్పటిది. ఆ రోజు ఆ వేలికి గుడ్డ చుట్టింది నేనే.

"ఇదెవరిదో నాకు తెలుసు సాబ్" అన్నాను.

ఎందుకన్నాను? భయమా? కాదు. భయమైతే ఈ పాటికి నన్ను నేను క్షమించుకునేవాణ్ణేమో. నా కుండల ఉపాయాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. నా తెలివి ఇంకో మెట్టు కూడా ఎక్కగలదని ఆ పెద్దమనిషికి చూపించాలనిపించింది. చూపించాను. అతను కుర్చీ వైపు చెయ్యి ఊపి "బైఠో" అన్నాడు. కూర్చున్నాను. కూర్చుని చెప్పాను.

మర్నాడు పొద్దున మేస్త్రీయే గుడిసె కప్పు లాగేశాడు. నలభై మంది చూస్తూ మట్టి తొక్కారు. ఖాజాబీ తల్లి చెయ్యి పట్టుకుని శామీర్‌పేట బాట పట్టింది. పోతూ పోతూ నా దగ్గర ఆగింది. తిడుతుందనుకున్నాను. "ఎట్ల తెల్సిందో ఏమో. నిన్ను గిట్ల ఏమన్న అన్నరా అల్లుడా?" అని అడిగింది.

"లేదత్తా" అన్నాను. అది ఒక్కటే ఆమెకు నేను చెప్పిన నిజం.

తర్వాత ఎక్కడికి పోయిందో తెలియదు. అడగలేదు. అడిగితే తెలిసేది, శామీర్‌పేట ఎంత దూరమని? ఆ కుర్చీలో కొన్నేళ్ళు కూర్చున్నాను. తర్వాత ఊళ్ళో పెద్దమనిషినయ్యాను, అన్యాయాల మీద పత్రికలకు ఉత్తరాలు రాశాను, నిలబడి మాట్లాడే ధైర్యం లేదని కుర్రాళ్ళను కసిరాను. వాళ్ళు తలొంచుకుని విన్నారు. పిచ్చివాళ్ళు!

మనవడి కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది. ఏం టిక్కు పెట్టమంటావని వాడు రోజూ అడుగుతున్నాడు. ముందు ఇది రాయాలనిపించింది.

ఖాజాబీ. చెప్పకూడని చోట ఒక్కసారి పలికి, ఆ తర్వాత ఇన్నేళ్ళూ నోట రానివ్వని పేరు. ఇప్పుడు నా చేత్తో రాశాను. ఛాతీలో ఏదో వేలెడంత జరిగింది. క్షమాపణ కాదు. అది ఇచ్చే మనిషిని నేనే బాట పట్టించాను.

చివర నా పేరు రాయాలని మూడుసార్లు కలం పెట్టాను. రాయలేదు. మీరు ఆశ్చర్యపోకండి. నేను గుండ్రని ముద్ద వేసినవాణ్ణి.