పెదవుల మీది మాట

మా అమ్మమ్మ పాతికేళ్లు బట్టల మిల్లులో మగ్గాల మధ్య నిలబడి పనిచేసింది. ఆ మోతలో పక్కమనిషి అరిచినా వినపడదు. అందుకే అక్కడి ఆడవాళ్లు గొంతు పెగల్చకుండా పెదవులతోనే మాట్లాడుకునేవారు. కొత్తగా వచ్చిన మేస్త్రీని ఎదురుగా నిలబడి తిట్టుకున్నా, పాపం, అతనికి తెలిసేది కాదట. మిల్లు మానేనాటికి ఆమె చెవులు ముప్పాతిక పోయాయి. చూపు మాత్రం డేగచూపు.

తాతయ్య దర్జీ. అరవై దాటాక గొంతులో పుండు లేచి, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. కాగితం ఇస్తే ఆయన రాత కోడి గెలికినట్టుండేది. డాక్టరు తల పట్టుకున్నాడు. అమ్మమ్మ మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆయన పెదవులు చూస్తూ ఒక్కో మాటే చెప్పింది.

ఒకరోజు తాతయ్య డాక్టరు వంక చూస్తూ కోపంగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నారమ్మా?"

"మీరు చల్లగా ఉండాలంటున్నారు బాబూ."

ఆయనన్నది, ఈ చప్పిడి తిండి నువ్వే తిను అని!

ఇదంతా గమనించిన పెద్ద నర్సు, "పక్క వార్డులోకి ఒక్కసారి రండమ్మా" అని పిలిచింది. అక్కడ గొంతులో గొట్టాలున్నవాళ్లు రోజుల తరబడి పెదవులు ఆడిస్తున్నారు, ఎవరికీ అర్థం కావడం లేదు. ఆ ఒక్కసారి పన్నెండేళ్లు సాగింది. ఇంట్లో వంట ముగించి, పదింటి బస్సెక్కి వెళ్లేది. మాట అందకపోతే పదిసార్లయినా అడిగేది గాని ఊహించి చెప్పేది కాదు.

"మా ఆయన మాట ఎలాగైనా తిప్పుకుంటాను, నా మొగుడు, నా ఇష్టం. పరాయివాళ్ల మాట తిప్పడానికి నేనెవర్ని?" అనేది.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. తండ్రితో పోట్లాడి రెండేళ్లు ఇంటి గడప తొక్కని ప్లంబర్ ఒకడు, ఆయన ఆఖరి స్థితిలో ఉన్నాడని తెలిసి వచ్చాడు. కొడుకుని చూడగానే పెద్దాయన పెదవులు కదిలాయి.

"నన్ను క్షమించానన్నాడా అవ్వా?" అన్నాడు కొడుకు.

అవునని చెప్పేయమన్నట్టు నర్సు కళ్లతో సైగ చేసింది. అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఆ మాట అనలేదు నాయనా. వంటింట్లో కుళాయి కారుతోందట. ఇంకెవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదట. నువ్వే వచ్చి చూడాలంటున్నాడు."

కొడుకు మంచం కమ్మీ పట్టుకుని బావురుమన్నాడు. సాయంత్రం వెళ్లి కుళాయి బాగుచేసి వచ్చాడు. పెద్దాయన ఇంకో నాలుగు రోజులున్నాడు. కొడుకు పక్కనుంచి కదల్లేదు.

"అవునని చెప్పేస్తే సరిపోయేదిగా అమ్మమ్మా?" అని బస్సులో అడిగాను.

"చెప్పేస్తే, మరి కుళాయి సంగతి ఎవరు చెప్తారే?" అంది.

డెబ్బై ఎనిమిదో ఏట చూపు మందగించింది. కంటినరం దెబ్బతిందని, ఇక బాగుపడదని డాక్టరు తేల్చాడు. ఎవరూ అనకముందే తనే నర్సు దగ్గరికి వెళ్లి, "నిన్న ఒకాయన మనవరాలు అని అంటే, నేను మందులు అని చెప్పాను తల్లీ. రేపట్నుంచి రాను" అని చెప్పి వచ్చేసింది.

ఆ తర్వాత రెండేళ్లు బతికింది. ఏం చెప్పాలన్నా మేము ఆమెను వెలుతురులో కూర్చోబెట్టి, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడేవాళ్లం. మాటలు నమిలి మింగే మా పెదమామయ్యకి మాత్రం చివరిదాకా చివాట్లు తప్పలేదు.

"నోరు బాగా తెరవరా! ముత్యాలేమీ రాలిపోవులే!"