పాత చీరల ఫాల్స్ సీలింగు

టీ చల్లారకముందే వినండి. నేను అలంకరించిన పడకగది ఈ మధ్య జగ్గయ్యపేటలో ఎంత పేరు తెచ్చుకున్నదో మీకు తెలియదు. ఆ పేరులో నా వాటాకు వచ్చినది దగ్గు మాత్రమే. తలచుకున్నప్పుడల్లా వస్తుంది. ఇదిగో, వచ్చింది.

మాది పాత పెంకుటిల్లు. అందులో నాయనమ్మకు నులక మంచం ఉన్నది, నాన్నకు పడక్కుర్చీ ఉన్నది, మిరపకాయల బస్తాలకు కిటికీతో సహా తూర్పు గది ఉన్నది. బి.ఇడి. చదివి, రోజూ బస్సెక్కి నందిగామ వెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పివచ్చే నాకు హాల్లో చాప ఉన్నది. అదీ నాయనమ్మ గురక పక్కన. నేను ఆమె కథలు విని పెరిగినదాన్ని. ఆ కథల్లో ఏ రాజకుమార్తె కూడా హాల్లో పడుకోలేదు. పట్టు చాందినీ, మణిదీపాలు లేకపోతే వాళ్ళకు కునుకే పట్టదు. అందుచేత నాకూ ఒక గది కావాలని ఒకనాడు గంభీరంగా ప్రకటించాను.

నాన్న పేపరు దించలేదు. "బస్తాలు ఎక్కడ పెట్టమంటావే?"

"హాల్లో, నా చాప మీద."

పేపరు దిగింది. నాన్న కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచన నందిగామ వైపు వెళ్ళిందని నాకు అర్థమైంది. అక్కడ మా అత్తయ్య, అంటే నాన్నగారి అక్క, కొత్త డాబా కట్టుకుని ఫాల్స్ సీలింగు పెట్టించుకున్నది. ఆనాటి నుంచి ఎవరింటికి వెళ్ళినా ఆమె ముందుగా మనుషులను కాదు, పైకప్పును పలకరిస్తుంది. మా ఇంటికి వస్తే, "ఏరా తమ్ముడూ, ఇంకా ఈ గోడౌన్లోనే ఉంటున్నారా?" అంటుంది. ఆ మాట నాన్నకు ఏనాడూ మింగుడుపడలేదు.

"సరే," అన్నారు నాన్న. "వచ్చే ఆదివారం మీ అత్తయ్య వస్తోంది. ఆ గదిలో పడుకుని, బాగుందని ఆవిడ నోటితో అంటే గది నీది. అనలేదనుకో, సోమవారం పొద్దున్నే బస్తాలు లోపలికి. ఖర్చు నీ జీతంలోంచే."

ప్రైవేటు స్కూలు జీతంతో ఫాల్స్ సీలింగు కాదు కదా, దాని మేకులు కూడా రావు. కనుక ఒక వారపత్రికలో వచ్చిన 'తక్కువ ఖర్చుతో అందమైన పడకగది' అనే వ్యాసాన్ని భక్తితో చదివాను. "మీ ఇంట్లోని పాత వస్తువులకు కొత్త ప్రాణం పోయండి" అన్నది రాసినావిడ. ఆవిడ ఇంట్లో పాత వస్తువులంటే ఇత్తడి లాంతర్లు. మా ఇంట్లో పాత వస్తువులంటే మిరపకాయలు కోసే ఈత బుట్టలు. వాటికే ప్రాణం పోశాను. ఏడు బుట్టలను బోర్లించి, ఒక్కొక్కదానిలో ఒక బల్బు వేలాడదీశాను. దసరా పందిట్లో వాడి పడేసిన సీరియల్ సెట్టును మైకుసెట్టు షాపులో అడిగి తెచ్చి అద్దం చుట్టూ చుట్టాను. గోడలకు ఒక పూత సున్నం వేశాను. నాయనమ్మ జరీ చీరలు నాలుగు కలిపి కుట్టి, దూలాల కింద చాందినీలాగా బిగించాను. అత్తయ్యది ఉత్త ప్లాస్టరు సీలింగు. నాది జరీ సీలింగు!

కింద కూర్చుని చూస్తున్న నాయనమ్మ తల పైకెత్తింది. "ఒసేయ్, కట్టేముందు ఆ దూలాలు దులపవే. ఎన్నేళ్ళ దుమ్ముందో పైన!"

"కనపడకుండా కట్టేస్తున్నాగా నాయనమ్మా. పైకెక్కి ఎవరు చూస్తారు?"

"కథలో కూడా ఇట్టాగే అంటారు."

"ఎవరు?"

"రాక్షసుణ్ణి పెట్టెలో పెట్టి మూతేసినవాళ్ళు."

నేను చదువుకున్నదాన్ని. వినలేదు.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. నేను స్కూలు నుంచి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. సరిగ్గా ఆ వేళకు చుట్టుపక్కల పొలాల్లో మోటార్లన్నీ ఆడుతుంటాయి, మా వీధిలో వోల్టేజి సగానికి పడిపోతుంది. కనుక వారమంతా నా కళాఖండాన్ని ఆ గుడ్డి వెలుతురులోనే చూసుకున్నాను. బుట్టల సందుల్లోంచి బంగారు కాంతి! బీరువా మీద, మొహం పైకి తిప్పి పెట్టిన టేబుల్ ఫ్యాను సోమరిగా తిరుగుతుంటే చాందినీ సన్నగా అలలెత్తేది. నన్ను నేనే అభినందించుకున్నాను. ఇక ఆదివారం పగలంతా కరెంటే లేదు.

సాయంత్రం కరెంటూ అత్తయ్యా ఒకేసారి వచ్చారు.

"ఏమే శారదా, ఏదో మేడ కట్టావటగా?" అన్నది గుమ్మంలోనే.

స్విచ్చులన్నీ వేశాను. అత్తయ్య నోరు తెరిచింది. చాలాసేపు మూయలేదు.

"అబ్బో! లైటింగు ఎంత మెత్తగా ఉందే! మా ఇంట్లో ఇలా రావడానికి మీ మామయ్య రెగ్యులేటరు పెట్టించారు. నువ్వేం పెట్టావు?"

"టేస్టు, అత్తయ్యా," అన్నాను.

వోల్టేజి లేకపోవడాన్ని నా అభిరుచిగా చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు వేయలేదు. నాన్న తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. హాల్లోంచి తెచ్చి వేసిన తన నులక మంచం అంచున నాయనమ్మ కూర్చున్నది. అత్తయ్య దాని మీద దర్జాగా వెల్లకిలా పడుకుని, అలవాటు ప్రకారం పైకప్పును పరిశీలించింది.

"ఏదో ఘాటుగా వాసనొస్తోందే?"

బల్బుల వేడికి బుట్టలు తమ పూర్వజన్మ గుర్తు చేసుకుంటున్నాయి. "కొత్తరకం అగరొత్తులు, అత్తయ్యా."

"ఊఁ. ఒప్పుకోవాలి తమ్ముడూ. గది చాలా బా..."

అక్కడెక్కడో పొలాల్లో మోటార్లు ఆగాయి.

ఏడు బల్బులూ భగ్గుమన్నాయి. బంగారు కాంతి పోయి ఆపరేషన్ థియేటరు వెలుతురు వచ్చింది. సున్నం కింది ఎర్ర మరకలు, చీరల చిరుగులు, నా వంకర కుట్లు, అన్నీ ఒక్కసారిగా హాజరు పలికాయి. అదైనా భరించవచ్చు. కానీ ఫ్యాను! వారం రోజులుగా ఆవులిస్తున్న ఫ్యాను ఒక్క ఊళ వేసి వేగం అందుకున్నది. చాందినీ తెరచాపలా పైకి లేచింది, దూలాలను ఫెడీమని కొట్టింది, తిరిగి కిందికి దిగింది. కథల్లో దేవతలు పూలవాన కురిపిస్తారు. మా దూలాలు ఏళ్ళ తరబడి దాచుకున్న కారం కురిపించాయి.

సరిగ్గా 'బా' దగ్గర తెరిచి ఉన్న నోట్లోకి.

"హాచ్! ఓరి నాయనో, నా కళ్ళు! తమ్ముడూ, నీ కూతురు నన్ను రోట్లో వేసిందిరా!"

"ఫ్యానాపవే ముందు!"

"స్విచ్చి కనపడటం లేదు నాన్నా! హాచ్!"

నాయనమ్మ ఒక్కతే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నింపాదిగా బయటికి నడుస్తూ అన్నది: "రాక్షసుడు లేచాడే."

ఆ రాత్రి అత్తయ్య హాల్లో నా చాప మీద పడుకున్నది. నేను వసారాలో. మర్నాడు బస్సులో ఆమె కళ్ళు చూసి, "ఎవరైనా పోయారా అమ్మా?" అని కండక్టరు పరామర్శించాడట. "లేదు నాయనా, మా మేనకోడలు గది సర్దింది" అన్నదట.

బస్తాలు లోపలికి వెళ్ళాయి. చాందినీ, బుట్టలు విప్పడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. రెండు వారాల తర్వాత, సాయంత్రం పూట, మిర్చి వ్యాపారి ఒకాయన సరుకు చూడడానికి వచ్చారు. నాన్న బల్బులు వేశారు. ఫ్యాను వేయలేదు. వోల్టేజి ఎప్పటిలాగే సగం. బస్తా మూతి విప్పేసరికి కాయలు కెంపుల్లా మెరిశాయి.

"ఏం రంగండీ బాబూ! ఈ సీజన్లో ఇంత ఎరుపు నేనెక్కడా చూళ్ళేదు!"

బేరం నిలబడ్డ చోటే కుదిరింది. లైట్ల మాట నాన్న ఎత్తలేదు. వ్యాపారి వెళ్ళాక మాత్రం నా వైపు మొట్టమొదటిసారి గౌరవంగా చూసి, "నీ చేతిలో కళ ఉందమ్మా. ఆ గదిని ఇంక కదపకూడదు," అన్నారు.

ఆ బేరం సంగతి అత్తయ్య దాకా వెళ్ళింది. నిన్న నందిగామ నుంచి ఫోను. రిసీవరులోంచి అత్తయ్య గొంతు హాలంతా వినిపించింది: "తమ్ముడూ, మా బస్తాలు కూడా పంపిస్తున్నా. ఆ లైట్ల కిందే పెట్టి అమ్మించు. ఆ గది చాలా బాగుంటుందిరా!"

నేను ఎగిరి గంతేశాను. "నాన్నా! అత్తయ్య అన్నది! బాగుందని తన నోటితో అన్నది!"

"అన్నది," అన్నారు నాన్న, ఫోను పెట్టేస్తూ. "పడుకుని అనలేదుగా."

రాత్రి చాప పరుచుకునే ముందు తూర్పు గదిలోకి తొంగిచూశాను. జరీ చాందినీ కింద, మెత్తని వెలుతురులో, బస్తాలు వరసగా పడుకుని ఉన్నాయి. లైటు ఆర్పి, దగ్గు ఆపుకుంటూ తలుపు దగ్గరికి వేశాను. రాజకుమార్తెలకు నిద్రాభంగం చేయకూడదని నాయనమ్మ నేర్పింది.